డిష్ ఉన్న ఇల్లు

2020 అక్టోబర్ 9, శుక్రవారం. లెస్టర్

స్కూలు కిచెన్ నుంచి వచ్చేసరికి బాబు ఫోన్ పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడు. మామూలుగా టీవీలో రాని ప్రీమియర్ లీగ్ మ్యాచులు ఇక విడిగా డబ్బు కట్టి చూడాలట. ఒక్కోటి 14.95 పౌండ్లు. స్కైకీ బీటీకీ నెలనెలా కట్టేవాళ్లయినా సరే, ఇది వేరే.

కరోనా వల్ల స్టేడియంలోకి ఎవర్నీ రానివ్వట్లేదని సెప్టెంబర్‌లో అన్ని మ్యాచులూ చూపించారు. నెల తిరిగిందో లేదో రేటు పెట్టారు. ఇరవై క్లబ్బుల్లో వద్దన్నది మన క్లబ్బు ఒక్కటేనట. బాబు ఆ మాట మళ్లీ మళ్లీ చెప్పాడు.

నాకు గంటకి తొమ్మిది పౌండ్లు. తొంభై నిమిషాల ఆట చూడాలంటే అంతకంటే ఎక్కువసేపే గిన్నెల దగ్గర నిలబడాలి.

అక్టోబర్ 12, సోమవారం

అన్నయ్యగారు ఫోన్ చేశారు. వాళ్ల రెస్టారెంట్‌లో సగం టేబుళ్లు తీసేశారట. ఆ సంగతి ఒక్క ముక్కలో చెప్పి వెంటనే ఫుట్‌బాల్లోకి దిగారు.

"మేం వచ్చిన కొత్తలో స్కై ఒక్కటుంటే చాలమ్మా. ఒక డిష్షు, ఒక బిల్లు." తర్వాత యూరోపియన్ కమిషన్ అన్నీ ఒక్కడి చేతిలో ఉండకూడదంది. 2007లో సెటాంటా వచ్చింది. 2009కల్లా మూతబడింది. దాని వాటా ఈఎస్‌పీఎన్‌కి పోయింది. 2013లో బీటీ. మా బ్రాడ్‌బ్యాండ్ తీసుకుంటే ఊరికే ఇస్తామన్నారు మొదట్లో. పోయినేడు అమెజాన్ కూడా దిగింది.

పోటీ ఉంటే రేటు తగ్గాలి కదా? ఆట ముక్కలైంది. ముక్కకో బిల్లు.

ఇన్నేళ్లూ ఆ బిల్లులన్నీ ఆయనే కట్టారు. మేం పకోడీలు చేసి వాళ్లింటికి పట్టుకెళ్లేవాళ్లం, అంతే. వాటా ఇస్తానని మా ఆయన ఒకసారి నోరు జారితే రెండు రోజులు మాట్లాడలేదు అన్నయ్యగారు.

అక్టోబర్ 18, ఆదివారం రాత్రి

విల్లాతో మ్యాచ్. మాదీ డబ్బు కట్టే జాబితాలోనే. కట్టలేదు. రేడియో లెస్టర్ పెట్టుకుని వంటింట్లో కూర్చున్నాం. 91వ నిమిషంలో బార్క్‌లీ కొట్టాడు. 0-1. బాబు మాట్లాడకుండా పైకెళ్లిపోయాడు.

ఒకరింటికి ఒకరు వెళ్లకూడదన్న రూలు ఈ ఊళ్లో ఎండాకాలం నుంచీ ఉంది. నాలుగిళ్లవాళ్లం ఒక్క టీవీ ముందు కూర్చునే రోజుల్లో అయితే ఆ పద్నాలుగు తొంభై ఐదు ఎంత పడేది? ఎవరింట్లో వాళ్లు ఉండాల్సిన రోజు చూసి ఇంటికింత అని పెట్టారు. అదే మింగుడు పడట్లేదు.

2016 మే 2 గుర్తొస్తోంది. ఆ రాత్రి మన వాళ్ల ఆటే లేదు. చెల్సీ, స్పర్స్ ఆడుతున్నారు. స్పర్స్ గెలవకపోతే కప్పు మనదే. మొదటి సగంలోనే 2-0తో ముందుకెళ్లారు. వదిన లేచి టీ పెట్టడానికి వెళ్లింది, ఇంక చూడలేనని. 83వ నిమిషంలో హజార్డ్ కొట్టి 2-2 చేస్తే అన్నయ్యగారి ముందుగదిలో... ఎవరు ఎవర్ని పట్టుకున్నామో తెలీదు. మెట్ల మీదంతా చెప్పులు, బూట్లు. తిరిగి ఇంటికెళ్లేటప్పుడు నా కాళ్లకి వదిన చెప్పులు.

అక్టోబర్ 20

న్యూకాజిల్ వాళ్లు మొన్న శనివారం మ్యాచ్ కొనకుండా ఆ డబ్బు ఫుడ్ బ్యాంకుకిచ్చారట. దాదాపు 20,000 పౌండ్లు. మాంచెస్టర్ యునైటెడ్‌తో మ్యాచ్‌ని వదులుకున్నారంటే తేలికా?

సాయంత్రం నేనూ ఇక్కడి ఫుడ్ బ్యాంకుకి పంపాను. సరిగ్గా 14.95. మా ఆయనకింకా చెప్పలేదు.

అక్టోబర్ 22

ఫుట్‌బాల్ ఆటగాడు రాష్‌ఫర్డ్ అడిగింది నిన్న పార్లమెంట్‌లో ఓడిపోయింది. 322, 261. పేదపిల్లలకి సెలవుల్లో కూడా భోజనం పెట్టమన్నాడు, అంతేగా.

మా స్కూల్లో శుక్రవారాలు రెండోసారి ప్లేటు పట్టుకొచ్చే పిల్ల ఒకతుంది. బఠాణీలు ఒక్కోటీ ఫోర్కుతో ఏరుకుని తింటుంది. శని, ఆదివారాలు ఏం తింటుందో. ఎవర్నడగను?

అక్టోబర్ 25, దసరా

గడియారాలు గంట వెనక్కి తిప్పారు. సాయంత్రానికల్లా చీకటి. పులిహోర చేసి అన్నయ్యగారి గుమ్మం ముందు పెట్టి, బెల్లు కొట్టి, గేటు దాకా వెనక్కొచ్చి నిలబడ్డాను. వదిన అక్కణ్నుంచే నమస్కారం పెట్టింది.

రాత్రి ఆర్సెనల్‌తో. మళ్లీ 14.95. పండగ పూట కదా అని అన్నయ్యగారు కట్టేశారు. ఫోన్ స్పీకర్లో పెట్టి బాబుకి తెలుగులో కామెంటరీ మొదలుపెట్టారు. "వార్డీని దింపార్రా, లేచి కూర్చో!" మా పక్కన రేడియో చిన్నగా మోగుతోంది.

తీరా చూస్తే టీవీ కంటే రేడియోయే ముందుంది. 80వ నిమిషంలో వార్డీ తలతో కొట్టిన సంగతి మాకు ముందే తెలిసిపోయింది. ఆయనకింకా తెలీదు. "అండర్ పరిగెడుతున్నాడు... అండర్..." అంటున్నారు. బాబు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. అన్నయ్యగారు గోల్ అని అరిచాకే వీడూ అరిచాడు.

వాడికి ఎవరూ చెప్పలేదు అలా ఆగమని.

అక్టోబర్ 31

గురువారం నుంచి మళ్లీ లాక్‌డౌన్. రెస్టారెంట్లలో కూర్చుని తినడానికి లేదు.

విజయవాడ నుంచి తమ్ముడు. ఐపీఎల్ చూస్తూ మధ్యలో ఫోన్ చేశాడు. వాడి హాట్‌స్టార్ వీఐపీ ఏడాదికి 399 రూపాయలు. అందులోనే ప్రీమియర్ లీగ్ కూడా. ఇక్కడ ఒక్క మ్యాచ్ రేటు చెప్తే కాసేపు మాట్లాడలేదు. "అక్కా, మీ ఊరి టీమే కదా?" అన్నాడు చివరికి.

ఔను. మా ఊరి టీమే. కిటికీ తీస్తే అరుపులు వినపడేవి, జనం ఉన్న రోజుల్లో.

నవంబర్ 3

నిన్న లీడ్స్ మీద 4-1. ఇది మామూలు స్కైలోనే వచ్చింది. అన్నయ్యగారు ఫోన్ చేస్తారని బాబు చాలాసేపు చూశాడు. రాలేదు.

పొద్దున వదిన చెప్పింది. డిష్ తీసేయిస్తున్నారట, ఆపేయమని కంపెనీకి ముందే చెప్పేశారట. "షాపు మూసుకుని ఆటలు చూసుకుంటూ కూర్చుంటామా అంటున్నారు" అంది. ఆ మాట అన్నయ్యగారిదే, గొంతు వదినది.

మేం చేసేదేముంది? డబ్బిస్తే తీసుకోరు.

నవంబర్ 14, దీపావళి

బెల్‌గ్రేవ్ రోడ్డు మీద జనం లేరు. ఈ దేశంలోనే పెద్ద దీపావళి అంటారు దీన్ని.

ఆ 14.95 ఎత్తేశారు. ఇక మ్యాచులన్నీ మామూలు ఛానెళ్లలోనే. ఇన్ని క్లబ్బుల వాళ్లు కలిసి ఇచ్చిన డబ్బులూ పెట్టిన గోలా ఊరికే పోలేదు. సంతోషంగానే ఉంది నాకు. రాష్‌ఫర్డ్ అడిగిందానికీ పోయిన వారం ప్రభుత్వం దిగొచ్చింది.

కానీ మేం చూసే ఇంట్లో డిష్ లేదు ఇప్పుడు.

నవంబర్ 17

మా ఇంట్లో డిష్ పెట్టించాలని కంపెనీకి ఫోన్ చేశాను. 18 నెలల కాంట్రాక్టు. చెప్పిన రేటు ఆ 18 నెలలకే. ఆ తర్వాత ఎంత అంటే ఆ అమ్మాయి మొదటి రేటే మళ్లీ చదివింది. మధ్యలో పెంచరు కదా అన్నాను. పెంచొచ్చట.

18 నెలలంటే 2022 మే. వార్డీకి అప్పటికి ముప్పైఐదు. ఆడతాడంటాడు బాబు.

మా ఆయన లెక్కంతా విని "తీసుకో" అన్నారు. "అన్నయ్యగారు వస్తారా మనింటికి?" అనడిగాను. రూలు ఎత్తేశాక సంగతి. తన టీవీ లేకపోయినా, తను కట్టకపోయినా, వచ్చి కూర్చుంటారా?

పకోడీలు మీరే తేవాలని చెప్పు, వస్తారు అన్నారు ఈయన. రేపు వదినతో మాట్లాడాలి.