అడుగులకు అరిసెలు

మావాడు పాకలేదు. కూర్చునే జరుగుతూ ఇల్లంతా చుట్టివచ్చేవాడు. నిలబెడితే మోకాళ్ళు వెనక్కి వంగేవి, పాదాలు లోపలికి ఒరిగేవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన కొలతల ప్రకారం (వాటిలో ఢిల్లీ పిల్లలూ ఉన్నారు) 17.6 నెలలకల్లా దాదాపు పిల్లలందరూ ఊతం లేకుండా నడిచేస్తారు. వీడికి 20 నిండాయి.

"నాగావళి ఇసకలో నడుందాకా కప్పెట్టి నిలబెట్టమ్మా, కాళ్ళు గట్టిపడతాయి" అన్నారు పొరుగింటి మామ్మగారు. శ్రీకాకుళంలో పిల్లల వైద్యులు మాత్రం ముందుగా రక్తపరీక్ష రాశారు. 18 నెలలు దాటినా నడవని మగపిల్లలకు కండరాల క్షీణవ్యాధి లేదని తేల్చుకోవడానికి సి.కె. అనే ఎంజైమును చూస్తారు. ఫలితం వచ్చేదాకా మావారూ నేనూ ఆ వ్యాధి పేరు పైకి అనుకోలేదు.

సి.కె. మామూలుగానే ఉంది. కీళ్ళే వదులు. స్నాయువులు పట్టి ఉంచలేని కీళ్ళను కండరాల చేత పట్టించాలన్నారు డాక్టరుగారు. అంటే బొమ్మను మంచంమీద పెట్టి లేపడం, చతికిలబడి లేచే ఆటలు, మెట్లు, మడమను బిగువుగా పట్టే బూట్లు. కూర్చోబెట్టే చక్రాల వాకరు వద్దన్నారు (కెనడాలో 2004లోనే దాని అమ్మకం నిషేధించారు). మన మూడు చక్రాల చెక్కబండి మేలట, కాకపోతే జారిపోకుండా బరువుండాలి. మా అత్తగారు రెండు కిలోల బియ్యం మూటగట్టి దానికి కట్టారు. అరిసెలకని విడిగా తీసి ఉంచిన బియ్యం!

23వ నెలలో బండి వదిలి నాలుగడుగులు వేశాడు. ఇప్పుడు బాగానే నడుస్తాడు గానీ, ఎక్కువ తిరిగిన రోజు రాత్రి కాళ్ళు నొప్పులని లేస్తాడు. నిద్రపట్టేదాకా పిక్కలు రాస్తూ కూర్చుంటాను.