ఓ కామా చేసిన పని

మా నాన్న తెలుగు పండితుడు. తెనాలి దగ్గర ఓ పల్లెటూరి హైస్కూల్లో ముప్ఫయ్యేళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పోయినేడాది ఆయనకు సహస్ర చంద్ర దర్శనం చేద్దామని మేమంతా అనుకుంటే, ఆయన ఒక్కటే షరతు పెట్టారు. 'చుట్టాలెలాగూ వస్తారు. నా దగ్గర చదువుకున్న పిల్లలు కూడా రావాలి.'

పిల్లలంటే నిజంగా పిల్లలేం కాదు. అరవై దాటినవాళ్లూ ఉన్నారు. వాళ్లనీ వీళ్లనీ అడిగి రెండు నెలల్లో 143 మంది ఈ-మెయిల్ చిరునామాలు పోగుచేశాం. ఉత్తరం నాన్నే రాశారు. ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు ఓ చిన్న ప్రోగ్రాం తయారుచేశాడు. ఎవరి ఉత్తరంలో వాళ్ల పేరు పెట్టి 'చిరంజీవి ఫలానాకు' అంటూ పంపుతుందది. ఓ రాత్రి మీట నొక్కి, 'అన్నీ వెళ్లిపోయాయి తాతయ్యా' అన్నాడు.

పది రోజులు గడిచాయి. జవాబిచ్చింది ఆరుగురు.

నాన్న రోజూ కాఫీ తాగుతూ 'ఏమైనా వచ్చాయా అమ్మాయ్?' అని అడిగేవారు. పదకొండో రోజు అడగడం మానేశారు. ఆ సాయంత్రం నేను వంటాయనతో మాట్లాడుతుంటే వెనకనుంచి, 'విస్తళ్లు తక్కువే చెప్పమ్మా. వాళ్లకీ సంసారాలుంటాయిగా' అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు ముగ్గురికి ఫోన్ చేశాను. ముగ్గురిదీ ఒకటే మాట. 'మాస్టారి ఉత్తరమా? రాలేదే!' స్పామ్‌లో చూడమన్నాను. అక్కడా లేదు. చిరునామాలు అక్షరం అక్షరం సరిచూశాం. తప్పు లేదు.

మేనల్లుణ్ణి కూర్చోబెట్టాను. జవాబిచ్చిన ఆరుగురూ ఆఫీసు చిరునామాలు ఇచ్చినవాళ్లు. అందలేదన్న ముగ్గురివీ అందరూ వాడే ఉచిత మెయిల్ చిరునామాలు. అదే ఉత్తరాన్ని నాన్న మెయిల్ తెరిచి మామూలుగా పంపితే నిమిషంలో చేరింది. అంటే తప్పు చిరునామాలో లేదు, ఉత్తరంలోనూ లేదు. ప్రోగ్రాంలో ఉంది.

మరి చేరని ఉత్తరాలు తిరిగిరావాలి కదా? వచ్చాయి. మనకు కనిపించకపోయినా మెయిల్‌కి కూడా కవరు వేరు, లోపలి కాగితం వేరు. చేరకపోతే కవరు మీదున్న చిరునామాకే కబురొస్తుంది, లోపల సంతకం చేసినవాళ్లకు కాదు. మావాడు కవరు మీద ప్రోగ్రాం కోసం విడిగా పెట్టుకున్న చిరునామా రాసి, ఆ పెట్టె తెరిచి చూడనే లేదు. తెరిస్తే 118 తిరుగు టపాలు!

అన్నిట్లోనూ ఒకటే అంకె, 550. నాలుగుతో మొదలైతే 'ఇప్పుడు కాదు, తర్వాత ప్రయత్నించు' అని. అయిదుతో మొదలైతే 'కుదరదు' అని. కింద కారణం కూడా ఉంది. ఉత్తరం ఆర్‌ఎఫ్‌సి 5322 ప్రకారం లేదట. 2008లో వచ్చిన ఆ నిబంధనల్లో, మెయిల్ తలకట్టులో ఎవరు, ఎవరికి, ఎప్పుడు అనే వరసలు ఎలా రాయాలో ఉంటుంది.

తలకట్టు తెరిచి చూశాం. పంపినవారి వరసలో నాన్న పేరు, ఓ కామా, ఎం.ఏ., మళ్లీ కామా, బి.ఇడి., ఆ తర్వాత చిరునామా. మావాడు తల పట్టుకున్నాడు. ఆ వరసలో కామా అంటే 'ఇక్కడితో ఒకరు అయ్యారు, ఇంకొకరు మొదలు' అని అర్థమట. మా నాన్న అక్కడ ముగ్గురైపోయారు. మొదటాయనకు పేరుంది, చిరునామా లేదు. రెండో ఆయన ఎం.ఏ.గారు, ఆయనకీ లేదు. చిరునామా ఉన్నది బి.ఇడి.గారికి ఒక్కరికే! దొంగ మెయిళ్లను ఆపడానికి ఇలాంటి తలకట్టున్న వాటిని పెద్ద సర్వర్లు గుమ్మంలోనే తిప్పి పంపేస్తాయి. కొన్ని సర్వర్లు చూసీచూడనట్టు పోనిస్తాయి. ఆ ఆరుగురికి అందింది అందుకే.

'డిగ్రీలు తీసేస్తే సరిపోతుంది తాతయ్యా' అన్నాడు వాడు తేలిగ్గా.

నాన్న మాట్లాడలేదు. నాకు తెలుసు. ఆ ఎం.ఏ. ఆయన ఉద్యోగం చేస్తూ నలభయ్యో ఏట కట్టి ప్యాసైన ప్రైవేటు పరీక్ష. ఫీజుకి డబ్బుల్లేక అమ్మ తన గాజులు తాకట్టు పెట్టింది. అమ్మ పోయి నాలుగేళ్లయింది.

'ఇంకో దారి లేదురా?' అన్నాను.

ఉంది. పేరు ముందొకటి, డిగ్రీల తర్వాత ఒకటి, జంట కొటేషన్ గుర్తులు పెడితే చాలు. లోపల ఎన్ని కామాలున్నా మెషీను దాన్ని ఒకే పేరుగా చదువుతుంది. మామూలుగా పంపినప్పుడు మెయిల్ సాఫ్ట్‌వేరే మనకు చెప్పకుండా ఆ పని చేసేస్తుంది. సొంతంగా ప్రోగ్రాం రాసుకుంటే మనమే పెట్టాలి. ఈసారి మావాడు ముందు తనకే ఒకటి పంపుకుని, తలకట్టు చూసుకుని, అప్పుడు అందరికీ పంపాడు. తిరుగు టపాల పెట్టె తెరిచే ఉంచాడు.

పొద్దున్నకి ముప్ఫైరెండు జవాబులు. అందులో ఒకాయన, 'మాస్టారూ, మీరు మమ్మల్ని మర్చిపోయారనుకున్నాం' అని రాశాడు. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

'ముప్ఫయ్యేళ్లు కామా ఎక్కడ పెట్టాలో పిల్లలకి చెప్పాను. చివరికి నా కామాయే నన్ను ఆపేసిందే!' అని నవ్వారు. తర్వాత నావైపు తిరిగి, 'వంటాయనకి ఫోన్ చెయ్యమ్మాయ్. విస్తళ్లు పెంచమను' అన్నారు.

అప్పట్నుంచీ ఎవరైనా జవాబివ్వకపోతే నొచ్చుకునే ముందు, నా మాట వాళ్లకు చేరిందో లేదో ఓసారి కనుక్కుంటున్నాను.