పెరిగిన అంకె

అమరకోశము కంఠస్థమైనంత మాత్రమున రక్తపరీక్ష కాగితమును చదువగలమని మేము భ్రమపడితిమి. ఆ భ్రమవలన మా యింట జరిగినదానిని దాపరికము లేక వ్రాయుచున్నాము.

మా ఆడపడుచు మూడేండ్లుగా థైరాయిడు మాత్ర వాడుచున్నది. గత భాద్రపదమున, మూడవ నెల గర్భముతో పుట్టింటికి వచ్చినప్పుడు పరీక్ష చేయించితిమి. కాగితమున టి.ఎస్.హెచ్. అను దానికెదుట 7.8 అనియు, ప్రక్కన ఎక్కువ యను గుర్తును నుండెను. "వదినా, ఏమి వ్రాసిరి?" అని ఆమె యడుగగా, "మందు హెచ్చైనది, కొన్నాళ్లు మానుము" అంటిమి. ఆమె మమ్ము నమ్మి తొమ్మిది దినములు మానెను.

సంగతి విని డాక్టరమ్మగారి ముఖము మాఱెను. టి.ఎస్.హెచ్. థైరాయిడు చేయునది కాదట. మెదడు క్రిందనున్న పిట్యూటరీ గ్రంథి, థైరాయిడును పనికి పురమాయించుచు పంపు పిలుపట. వంటింటినుండి పిలిచినప్పుడు ఎవరును పలుకకున్న మనము గొంతు హెచ్చింపమా? అట్లే హార్మోను చాలనికొలది ఆ అంకె పెరుగును, మితిమీఱిన తగ్గును. థైరాయిడు చేయునవి టి4, టి3. టి.ఎస్.హెచ్. హెచ్చి ఫ్రీ టి4 తగ్గినచో గ్రంథి మందగించినదనియో, మాత్ర చాలలేదనియో సామాన్యముగా గ్రహింతురు. పెద్దలకు టి.ఎస్.హెచ్. హద్దు రమారమి 0.4 మొదలు 4.0 వఱకు; పరీక్షాశాలనుబట్టి కొంత మాఱును. గర్భిణులకు మొదటి మూడు నెలలలో ఇంకను తక్కువ.

ఆ తొలి నెలలలో శిశువు మెదడు పెరుగుటకు తల్లి హార్మోనే యాధారము. అందుచే మాత్ర వాడు గర్భిణులలో చాలమందికి మోతాదు పెంచవలసివచ్చును. పెంచవలసినదానిని మేము మాన్పించితిమి! ఆ రాత్రి మాకు కన్ను మూతపడలేదు.

డాక్టరమ్మగారు మోతాదు పెంచి, నాలుగు వారములకు మరల పరీక్షింపించిరి. గర్భిణులు కానివారికి ఆఱు మొదలు ఎనిమిది వారములు ఆగుదురు. మార్పు రక్తమున నిలుకడగా కనబడుటకు అంత కాలము పట్టును. మాత్రను పరగడుపున నీటితో మ్రింగి, ఇనుము, కాల్షియము మాత్రలకు నాలుగు గంటల యెడము ఉంచవలెనట. మా ఆడపడుచు మూడింటిని ఒక్కమాఱే మ్రింగుచుండెను! జుట్టు కొఱకు కొందఱు తిను బయోటిన్ కూడ అంకెలను తాఱుమాఱు చేయవచ్చును గనుక, పరీక్షకు కనీసము రెండు దినములు ముందే వైద్యులనడిగి దానిని ఆపవలెను.

ఫాల్గుణమున ఆడపిల్ల పుట్టినది. మడమనుండి రక్తపుచుక్క తీసి శిశువునకును థైరాయిడు పరీక్ష చేసిరి. మా వారు ఆ కాగితమును మా చేతికిచ్చి, "చదువుము" అని నవ్విరి. మేము దానిని విప్పక డాక్టరమ్మగారి బల్లపై నుంచితిమి.