ఏ పుస్తకం ఎవరి చేతికి?

‘ఏదన్నా మంచి నవల ఇయ్యి సారూ’ అనగానే ర్యాక్ వైపు పోకు. ‘నిద్ర మానుకొని చదివింది ఏది?’ అని అడుగు. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ గ్రంథాలయాల్లో పనిచేసినన్నాళ్లూ నన్ను నిలబెట్టింది ఈ ప్రశ్నే.

యండమూరి ‘తులసిదళం’ అన్నారనుకో, ఇంకో దయ్యాల నవల తీయకు. అందులో చేతబడి ఉంది, దానికెదురు డాక్టర్లూ హిప్నాటిజమూ ఉన్నాయి. ఏది గెలుస్తుందోనని పేజీలు తిప్పినవాళ్లకు అదే యండమూరి రాసిన ‘చీకట్లో సూర్యుడు’ ఇవ్వు. సైన్స్ ఫిక్షన్ అనే మాట మాత్రం ఎత్తకు. సైన్స్ అనగానే చాలామందికి పరీక్షలు గుర్తొస్తాయి.

గద్వాల పండితులకు పేరుపడ్డ ఊరు. అక్కడ మాయల కథ ఇవ్వబోతే, రిటైరైన తెలుగు సారు ఒకాయన ‘మాయలు పిల్లలకయ్యా’ అని కొట్టిపారేశాడు. విశ్వనాథ ‘హాహాహూహూ’ అందించాను. గుర్రం ముఖం గంధర్వుడు లండన్‌లో వచ్చి పడతాడు, అంతే చెప్పాను. వారం తిరక్కుండా వచ్చి ‘ఇసొంటివి ఇంకేమున్నయ్?’ అన్నాడు. నా తొలి గెలుపు అది. అదే పుస్తకాన్ని కొత్తగా చేరిన కుర్రాడు పేరు చూసి హాస్యం ర్యాక్‌లో సర్దేశాడు. నవ్వుకున్నాం గానీ, అందులో వ్యంగ్యం ఉన్నమాట నిజమే.

పిల్లలకు కథ చెప్పకు, బొమ్మ చూపించు. దాసరి సుబ్రహ్మణ్యం 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి చందమామలో ఏళ్లతరబడి సీరియళ్లు రాశారు. వాటికి చిత్రా వేసిన బొమ్మ ఒకటి తెరిచి బల్లమీద పెట్టి, నీ పని నువ్వు చూసుకో. తల వంచి చూసిన పిల్లవాడు పుస్తకం వదలడు.

ఇప్పుడు కుర్చీలన్నీ గ్రూప్స్‌కు చదివేవాళ్లవే. ‘గివి చదివితే మార్కులొస్తయా?’ అంటారు. వాళ్లకు మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ సరి. కాశీకి పోతూ యతి మణిసిద్ధుడు మజిలీ మజిలీకీ తనతో వచ్చే పశువుల కాపరికి కథ చెబుతాడు. టీ విరామానికి కొంత చదివి ఆపుకోవచ్చు.

తేదీ చీటీ చదవడం మా సీనియర్ లైబ్రేరియన్ నేర్పారు. రెండు రోజుల్లో తిరిగొచ్చిన నవలను ఏకబిగిన చదివి ఉండాలి, లేదా పక్కన పడేసి ఉండాలి. పేజీ మూల మడత ఎక్కడుందో చూస్తే తేలిపోతుంది. ‘నచ్చిందా?’ అని అడగొద్దనేవారు ఆయన. మొహమాటానికి నచ్చిందంటారు. ‘ఎక్కడ ఆపినవ్?’ అని అడుగు. తర్వాత ఇవ్వాల్సిన పుస్తకం ఆ జవాబులోనే ఉంటుంది.