ఏ పేజీలో ఉన్నారు వదినగారూ?

"పూర్తయ్యాక చెబుతాలే" అనేవాళ్ళతో పుస్తకాల గురించి మాట్లాడటం నాకు కష్టం. పూర్తయ్యేసరికి వాళ్ళ దగ్గర మిగిలేది ఒక్క మాటే. బావుంది, లేకపోతే బాలేదు. మధ్యలో వచ్చిన కోపం, అనుమానం, పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూచున్న పూట, అవన్నీ ఎటు పోతాయో పోతాయి. మా పక్కింటి వదినగారు అలా కాదు. పుస్తకం చేతిలో ఉండగానే మాట్లాడతారు. పొద్దున్నే మొక్కలకి నీళ్ళు పోస్తూ పోస్తూ గోడ దగ్గరికొచ్చి, "అమ్మాయ్, వీడేంటే ఇలా చేశాడు?" అంటారు. ఆ వీడెవడో నాకు తెలిసి ఉండాలి. అంటే రాత్రి ఆవిడ ఏ పుస్తకం పట్టుకుని పడుకున్నారో నేను కనిపెట్టుకుని ఉండాలన్నమాట.

ప్రస్తుతం ఆవిడ కేశవరెడ్డిగారి 'అతడు అడవిని జయించాడు' చదువుతున్నారు. నేనే ఇచ్చాను. సన్నటి పుస్తకం, పట్టుదలగా కూచుంటే ఒక్క పూటలో అయిపోతుంది. ఆవిడ మాత్రం ఇంకా సగంలోనే ఉన్నారు. ఒక ముసలాయన పందుల్ని మేపుకుని బతుకుతుంటాడు. సాయంత్రం మంద తిరిగొచ్చేసరికి ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది ఒకటి కనబడదు. దాన్ని వెతుక్కుంటూ ఒక్కడే అడవిలోకి పోతాడు. ఆ రాత్రి అక్కడ ఏం జరిగిందన్నదే నవల. అంతకుమించి ఇక్కడ చెప్పను, వదినగారు ఊరుకోరు.

మొన్న గోడ దగ్గర ఆవిడ అడిగిన మాట ఇది. "అమ్మాయ్, ఆ ముసలాడి పేరేంటి? ముందు పేజీల్లో చెప్పాడేమో, నేను చూసుకోలేదు."

"పేరు లేదు వదినగారూ. పుస్తకమంతా ముసలాడే."

ఆవిడ నీళ్ళ పైపు కింద పడేసి కాసేపు మాట్లాడలేదు. "ఉండదులే. మా ఊళ్ళో పందులు కాసే ఆయన ఒకడుండేవాడు. మా నాన్న గానీ, మా మావయ్యలు గానీ ఆయన్ని పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. 'ఒరే' అనేవాళ్ళు. నాకూ తెలీదు ఆయన పేరు. ఇంటి వెనక నుంచి రోజూ వెళ్ళేవాడు. ఇప్పుడు ఎవర్ని అడగను?"

ఈ నవలని హెమింగ్వే ముసలివాడూ సముద్రమూ కథతో పోల్చి మాట్లాడటం మనలో మామూలే. రెండిట్లోనూ ఒంటరి ముసలివాడు, ఒక పోరాటం, చేతికి దక్కీ దక్కనట్టుండే గెలుపు. కానీ హెమింగ్వే ముసలివాడికి శాంటియాగో అని పేరుంది. మన ముసలాడికి లేదు. మనిషన్నవాడు ఎవడైనా కావచ్చని పేరు పెట్టలేదని ఎవరైనా చెప్పొచ్చు, అదీ కాదనలేం. వదినగారి మాట మాత్రం ఇంకో తలుపు తీసింది. పేరు లేకపోవడం రచయిత చేసిన పని కాదు, ఊరు చేసిన పని. సాహిత్య సభల్లో ఈ నవల గురించి చాలా విన్నాను, ఇంత సూటిగా చెప్పినవాళ్ళు లేరు. అదీ సగం పుస్తకం చదివి చెప్పిన మాట.

"ఈ రాసినాయన ఎక్కడివాడు?" అని అడిగారు. చిత్తూరు జిల్లా ఆయన, డాక్టరు, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆస్పత్రిలో పనిచేశారు, 2015లో పోయారు అని చెప్పాను. "అదీ సంగతి. ఎవరూ ముట్టుకోని మనుషుల పక్కన కూచున్న చెయ్యి అది" అన్నారు. ఆ మాటకి నేను కలపాల్సింది ఏమీ లేదు.

మా మాటలు మేడ మీద బట్టలు ఆరేస్తున్న అమ్మాయి చెవిన పడ్డాయి. అద్దెకుంటున్న పిల్ల, కడప వైపు నుంచి వచ్చింది, బ్యాంకులో ఉద్యోగం. పిట్టగోడ మీదికి వంగి, "ఆంటీ, నేను చదివేదాంట్లో కూడా అడివే" అంది. సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డిగారి 'కొండపొలం'. 2019లో తానా నవలల పోటీలో బహుమతి వచ్చిన పుస్తకం. 2021లో సినిమాగా వచ్చింది. కరువొచ్చి ఊళ్ళో మేతా నీళ్ళూ దొరక్కపోతే గొర్రెలవాళ్ళు మందల్ని తోలుకుని నల్లమల కొండల్లోకి పోవడం, వానలు పడేదాకా అక్కడే గడపడం, అదీ కొండపొలమంటే. చదువుకుని ఉద్యోగం దొరక్క ఇంటికొచ్చిన కుర్రాడు తండ్రి వెంట ఆ అడవికి వెళతాడు.

"మీ ముసలాయన ఒక్కడే పోయినాడు. మావాళ్ళు ఒక్కరే పోరు ఆంటీ, అందరూ కలిసి పోతారు. పోయేటప్పుడు తిండిగింజలు, కంబళ్ళు అన్నీ మోసుకోని పోవాల" అంటూ మొదలుపెట్టింది. ఆ పిల్ల ముందు సినిమా చూసి తర్వాత పుస్తకం కొనుక్కుంది. సినిమాలో పెట్టిన ప్రేమకథ పుస్తకంలో లేదని తెలిసి దాని ప్రాణం కుదుటపడిందట. "పులి వస్తాదా రాదా అని చూసినా సినిమాలో. పుస్తకంలో పులి లేని పేజీలే నాకు బాగున్నాయి. రాత్రిపూట మందకి కాపలా పండుకునేది, నీళ్ళు ఎక్కడుంటాయో పెద్దోళ్ళు చెప్పేది, అవి చదివి మా నాయనకి ఫోన్ చేసినా. నిజమేనా అని అడిగినా. మీ జేజినాయనని అడగాల్సింది నువ్వు, నాకు సగమే తెలుసు అన్నాడు. ఆయన లేడు గదా ఇప్పుడు."

వదినగారూ నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. ఇందాక ఆవిడన్న మాటే ఇది. రెండు పుస్తకాలు వేరు, చదువుతున్న ఇద్దరి వయసులకీ ఊళ్ళకీ సంబంధం లేదు. ఇద్దరూ ఆగింది మాత్రం అడిగి తెలుసుకోవాల్సిన మనిషి ఇప్పుడు లేడన్న చోట. పుస్తకం ముగిశాక ఎవరైనా అడిగితే కథ చెప్పేవాళ్ళేమో. ఈ మాట బయటికి రాకపోయేది.

నా సంగతికొస్తే శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' పట్టుకుని కూచున్నాను. ఆయన 1891లో మా తూర్పుగోదావరి పొలమూరులో పుట్టారు. వైదిక కుటుంబం. వేదం, సంస్కృతం చదువుకుంటే చాలు, తెలుగు కవిత్వం మన ఇంటికి తగదు అనుకునే పెద్దల మధ్య ఆ పిల్లవాడికి తెలుగు పిచ్చి పట్టింది. పుస్తకమంతా ఆ పెనుగులాటే. గురువులు, ఊళ్ళు, దారులు, అన్నం పెట్టిన ఇళ్ళు, మాట పడ్డ చోట్లు, ఒక్కటీ వదల్లేదు. నేను నెమ్మదిగా చదువుతున్నాను. ఆ వచనాన్ని త్వరగా చదవకూడదని నా పట్టుదల. పైకి చదివితే ఇంకా బావుంటుంది, అచ్చంగా ఎదురుగా కూచుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

వదినగారికి ఆయన మీద ఫిర్యాదు ఉంది. "గొప్పలు చెప్పుకుంటాడమ్మాయ్. నేనిలా అన్నాను, అవతలివాడు నోరు మూశాడు అంటాడు. ప్రతిచోటా ఈయనే గెలవాలా?" అంటారు. నేను ఒప్పుకోను. ఆ గొప్ప తన గురించి కాదు, తెలుగు గురించి. తన భాషని ఇంట్లోనే చిన్నచూపు చూస్తుంటే పెరిగిన మనిషి, పెద్దయ్యాక కూడా ప్రతి గెలుపునీ లెక్క రాసుకుంటాడు. రాసుకోవాలి కూడా. ఈ ముక్క మీద మా ఇద్దరికీ ఇంతవరకూ రాజీ కుదరలేదు. మొదటి భాగం ఆవిడకిచ్చి, ఆవిడ ఎక్కడ విసుక్కున్నారో పెన్సిలుతో గీత పెట్టమన్నాను. గీతలు చాలానే పెట్టారు. ఆ గీతలున్న పేజీలన్నీ నాకు నచ్చిన పేజీలే! మనకి నచ్చిన చోటే ఇంకొకరు విసుక్కున్నారని తెలిస్తే ఆ పేజీ మళ్ళీ చదవక తప్పదు. నేను చదివాను, ఇంకా నచ్చింది.

ఆయన కథల దగ్గర మాత్రం మాకు పేచీ లేదు. ముఖ్యంగా 'వడ్లగింజలు'. పెద్దాపురం ప్రభువు ఎదుట చదరంగం ఆడటానికి వచ్చిన పేదవాడి కథ. గెలిచాక ఏం కావాలంటే, బల్ల మీద మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, ఇలా ప్రతి గడికీ రెట్టింపు చేసి 64 గళ్ళకీ ఇవ్వమంటాడు. వినడానికి ఎంత చిన్న కోరికో! వదినగారు కథ మధ్యలో ఆపేసి లెక్క మొదలుపెట్టారు. రోజువారీ క్యాలెండరు కాగితాల వెనక పెన్సిలుతో గుణించుకుంటూ పోయారు. పదో గడికి 512. పర్లేదు, ఒక గుప్పెడు. ఇరవయ్యో గడికి 5,24,288. ముప్పై రెండో గడి, అంటే బల్లలో సరిగ్గా సగం, 214 కోట్ల పైమాట. అక్కడ ఆపి కాగితాలు గోడ మీంచి నాకు అందించారు. "మిగతా సగం నువ్వు చెయ్యి" అన్నారు. మొత్తం కలిపితే ఇరవై అంకెల సంఖ్య వస్తుంది, రాజ్యంలో ఉన్న గాదెలన్నీ ఊడ్చినా తీరదు. ఆ కాగితాలు ఇప్పటికీ నా పుస్తకంలోనే ఉన్నాయి. తిథీ వారం ఒకవైపు, వడ్లగింజలు ఇంకోవైపు.

ఆ కాగితాలే ఆవిడకి పేజీ గుర్తులు కూడా. ఏ రోజు ఎక్కడ ఆగితే ఆ రోజు కాగితం చింపి అక్కడ పెడతారు, తీయరు. పుస్తకం నా దగ్గరికి తిరిగొచ్చాక చూస్తే ఏ పేజీలో ఏ రోజు ఆగారో తెలిసిపోతుంది. ఒక్కోచోట రెండు కాగితాలకీ మధ్య రెండే పేజీలు. ఏమైంది వదినగారూ ఇక్కడ అని అడిగితే చాలు, అరగంట కబుర్లు.

ఆవిడ విశ్వనాథవారి 'వేయిపడగలు' సగంలో ఆపేశారు. కాగితం ఇంకా అక్కడే ఉంది. ఆపినందుకు సిగ్గుపడాల్సిన పని లేదని నా అభిప్రాయం. అందులో కథానాయకుడు ధర్మారావు చెప్పే ధర్మం ఆవిడకి నచ్చలేదు, నచ్చలేదని ఆ ధర్మాన్ని ఒక్కొక్కటిగా ఎత్తి చూపించి మరీ ఆపారు. అదీ చదవడమే. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయంవారి నవలల పోటీలో ఆ పుస్తకానికీ, అడివి బాపిరాజుగారి 'నారాయణరావు'కీ కలిపి బహుమతి పంచారు. తీర్పు చెప్పేవాళ్ళే రెండిటి మధ్య తేల్చుకోలేనప్పుడు గోడ దగ్గర మనకి రెండు అభిప్రాయాలుంటే వచ్చిన నష్టమేం లేదు.

వదినగారికి ఈ అలవాటు ఎలా వచ్చిందో ఆవిడ ట్రంకుపెట్టె చూస్తే తెలిసింది. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు జాగ్రత్తగా విడదీసి, వరస పెట్టి, దబ్బనంతో కుట్టి, పైన పాత క్యాలెండరు అట్ట వేసిన పుస్తకాలు. కుట్టిన దారం ఒక్కోదానికి ఒక్కో రంగు, ఇంట్లో ఏది మిగిలితే అది. కథ వెనక్కి తిప్పితే సగం వంటల శీర్షిక, సగం సబ్బు ప్రకటన. ఒకచోట కథకి వేసిన బొమ్మ కత్తిరింపులో సగమే వచ్చింది. ఆంధ్రభూమిలో 'తులసిదళం' వచ్చే రోజుల్లో వారానికొక్కసారి వీధంతా ఒకే చోట ఆగేదట. ఆ కథలోని క్షుద్రశక్తి కాష్మోరా ఏం చేస్తుందో అని అందరికీ ఒకేసారి భయం, వచ్చేవారం దాకా అందరికీ ఒకటే చర్చ. కథ అయిపోయాక మాట్లాడుకుందామంటే కుదిరే పనే కాదు, కథ ఇంకా అచ్చే కాలేదు కదా. అందరూ ఒకే పేజీలో ఉండేవాళ్ళు కనక మాట దానంతటదే వచ్చేది. ఇప్పుడు ఎవరి పుస్తకం వారిది, ఎవరి ఫోను వారిది. పక్కింట్లో ఏం చదువుతున్నారో తెలియదు. కాబట్టి అడగాలి. నోరు తెరిచి అడగాలి. అంతకన్నా వేరే దారి లేదు.

అడిగేటప్పుడు "బావుందా?" అని అడక్కండి. దానికి జవాబు ఒక్క మాటలో వచ్చేస్తుంది, కబురు అక్కడికే ఆగిపోతుంది. "ఎక్కడ ఉన్నారు? ఎక్కడ ఆగారు?" అని అడగండి. కడప అమ్మాయిని అలా అడిగితే వాళ్ళ జేజినాయన దాకా వచ్చింది. వదినగారిని అడిగితే పేరు తెలియని మనిషి ఒకాయన ఇన్నేళ్ళకి మా గోడ దగ్గరికొచ్చాడు.

ఇప్పుడు పుస్తకాలు చేతులు మారబోతున్నాయి. వదినగారిది అయిపోగానే కేశవరెడ్డిగారు మేడ మీదికి వెళతారు, 'కొండపొలం' కిందికి దిగుతుంది. ఆ పిల్ల శ్రీపాదవారిని కూడా అడిగింది, కానీ నా ప్రతి ఇంకా నా చేతిలోనే ఉంది. రాజమండ్రిలో ఉంటూ పుస్తకం దొరకలేదనుకోవడం ఎందుకు, గౌతమీ గ్రంథాలయానికి తీసుకెళతానని మాటిచ్చాను. మీ ఊళ్ళోనూ శాఖా గ్రంథాలయం ఉండే ఉంటుంది. సాయంత్రం వెళ్ళి శ్రీపాదవారి కథలు అడగండి. ముందుగా 'వడ్లగింజలు' చదవండి, సగంలో ఉండగానే పక్కింటి తలుపు తట్టండి.