వేటపాలెము గ్రంథాలయము

చీరాలకు చేరువనున్న వేటపాలెము నేతపనికి పేరొందిన యూరు. 1918లో నచట స్థాపింపబడిన సారస్వత నికేతనము పాత పత్రికలకు నెలవు. పరిశోధకులు దూరప్రాంతములనుండియు నిచటికి వచ్చుచుందురు.

నేను చూడబోయిన దినమున నొక కళాశాల విద్యార్థిని, ఉపాధ్యాయు లొసగిన పఠనీయ గ్రంథముల పట్టికను చేతబట్టుకొని, పుస్తకముల జాబితా నంతయు తిరుగవేయుచుండెను. సాయంకాలపు రైలునకు మరలవలెనట. ఆమె వెదకునది "ధనత్రయోదశి." ఆ పేరు గల గ్రంథ మెచ్చటను కనబడలేదు.

పట్టికలోని పంక్తి యిది: భండారు అచ్చమాంబ, ధనత్రయోదశి, హిందూసుందరి, నవంబరు 1902.

సోదరీమణులారా, ఇందు రచన పేరొకటి, ఆ రచన యున్న పత్రిక పేరొకటి గలవు. కుంకుమ కావలసినచో భరిణెను వెదకుదుము గదా! జాబితాలో నుండునవి సాధారణముగా భరిణెల పేరులే. "అమ్మా, ఇది పుస్తకము కాదు, పత్రికలోని కథ" యని గ్రంథపాలకులు చెప్పినంతనే యామె పత్రికల జాబితావైపు మరలెను. నెలయో, సంచికయో కనబడినచో నది పత్రిక యని గ్రహింపవలెను. అచ్చమాంబగారిదే "అబలా సచ్చరిత్ర రత్నమాల" యైనచో స్వతంత్ర గ్రంథము. దానిని నేరుగా నడుగవచ్చును. రచన పేరు వెనుక వేరొక గ్రంథము పేరును, సంపాదకుని పేరును ఉన్నచో, ఆ గ్రంథమునే వెదకవలెను.

పేరులతో మరియొక చిక్కు. కొన్ని జాబితాలు "భండారు" క్రిందను, కొన్ని "అచ్చమాంబ" క్రిందను వ్రాయును. ఒకచోట లేనిచో రెండవచోట చూడవలెను.

"సం." అను పొట్టి గుర్తు నాకు మిక్కిలి విసుగు. సంపుటమా, సంచికయా, సంవత్సరమా? నాలుగక్షరములు మిగిల్చి చదువరి పూటను హరింతురు! తెలుగు సంవత్సర మిచ్చినచో లెక్క చూచుకొనవలెను. శుభకృత్తు 1902 ఉగాదితో మొదలయ్యెను. దాని మాఘమాసము 1903లోనిది. ఆ పేరే అరువదేండ్లకు, 1962లో, మరల వచ్చెను.

పుటసంఖ్యను మాత్రము విడువక వ్రాసికొని పోవలెను. శతాబ్దము దాటిన కాగితము అప్పడమువలె పెళుసు. పుట తెలిసినచో కట్ట నంతయు తిరుగవేయ నక్కరలేదు.