గాలిలో నిలుచుట

ప్రతి మనుష్యునకును జీవనోపాధికై యొక వృత్తియు, మనస్సునకు విశ్రాంతి నొసగుటకై యొక వ్యాపకమును ఉండుట మేలు. కొందరు పూలతోట పెంచుదురు. కొందరు తపాలా బిళ్లలు కూర్చుదురు. నాకు రెండేండ్ల క్రిందట రేడియో సాయమున నడపబడు చిన్న హెలికాప్టరు నెగురవేయు వ్యాపక మలవడినది. కోతలైన పిదప బోసిపోయిన వరిమళ్లలో నన్ను చూచిన విద్యార్థులు పలువురు, దీనిని నేర్చుకొను విధమేమని యడుగుచున్నారు గనుక, నాకు తెలిసినంతవరకు ఇచ్చట వ్రాయుచున్నాను.

మొదట యంత్రము సంగతి. విమానము ముందునకు సాగుచున్నగాని గాలిలో నిలువదు. హెలికాప్టరో, ఉన్నచోటనే నిలువగలదు. దాని పైరెక్కలు గిర్రున తిరిగి గాలిని క్రిందికి నెట్టును. ఆ గాలి యంత్రమును పైకి నెట్టును. అయితే రెక్కలు ఒక దిక్కునకు తిరుగునప్పుడు శరీరము ఎదురు దిక్కునకు తిరుగజూచును. న్యూటను మహాశయుని మూడవ సూత్రము తరగతిలో వల్లించిన బాలునికి ఇది కొత్త గాదు. తోక చివరనున్న చిన్న రెక్కలు ఆ తిరుగుడును అరికట్టును.

ఇది చెప్పినంత సులభము కాదని చరిత్రయే సాక్ష్యము. 1939 సెప్టెంబరులో అమెరికా దేశమున ఈగర్ సికోర్‌స్కీ తన వి.ఎస్.-300 అను హెలికాప్టరును మొదటిసారి లేపినపుడు, దానిని త్రాళ్లతో కట్టియే కొద్ది క్షణములు మాత్రము లేపెను. 2021 ఏప్రిల్ 19వ తేదీన అంగారక గ్రహముపై ఇంజెన్యూటీ అను చిన్న హెలికాప్టరు తొలిసారి యెగిరినది. ఆ దినమున అది చేసినదెల్ల మూడు మీటర్ల యెత్తునకు లేచి, కొంతసేపు నిలిచి, దిగుటయే. మొత్తము 39 సెకండ్లు! కాబట్టి క్రొత్తగా నేర్చుకొనువాడు మొదటనే ఆకాశమున చక్కర్లు కొట్టవలెనని తొందరపడరాదు. నిలుచుటయే మొదటి పాఠము. అదియే కఠినమైన పాఠము.

కొనదలచినవారు చిన్నదానితోనే ప్రారంభింపవలెను. ఒకదానిపై నొకటి ఎదురెదురుగా తిరుగు రెండు జతల రెక్కలు గల యంత్రములు కలవు. అవి యించుమించు తమంతట తామే నిలుచును; గాలి రాని గదిలో వీనిని నడుపవచ్చును. తరువాత ఒకే జత పైరెక్కలు, తోకరెక్క గల చిన్న యంత్రము. ఆ పిమ్మటనే రెక్కల వాలును మార్చుకొనుచు ఎగురు పెద్ద యంత్రము. వీలున్నవారు ముందుగా కంప్యూటరులోని అభ్యాస క్రీడతో చేయి సవరించుకొనుట మంచిది. అచ్చట ఎన్నిసార్లు కూలినను పైసా ఖర్చు లేదు.

చేతిలోని రేడియో పెట్టెకు రెండు మీటలుండును. సామాన్యముగా ఎడమ మీట యంత్రమును పైకి లేపును, దింపును, ముక్కును ఇరుప్రక్కలకు త్రిప్పును. కుడి మీట యంత్రమును నాలుగు దిక్కులకు వాల్చును. ఏది కదలించినను తక్కినవి చెదరును. ప్రక్కకు వాల్చినచో యెత్తు తగ్గును. యెత్తు నిలుపుటకై బలము పెంచినచో తోక తిరుగజూచును. నేటి యంత్రములలో గైరో యనునది తోకను కొంత నిలకడగా నుంచును గాని, తక్కిన భారము చేతిదే. దూరమున చూచువారికి కదలక నిలిచినట్లు కనబడు హెలికాప్టరు వెనుక, క్షణ క్షణమును సవరించుచుండు రెండు బొటనవ్రేళ్లు కలవు.

తోక మనవైపు, ముక్కు ఆవలివైపు ఉండునట్లు నిలుపుట మొదటి మెట్టు. క్రింద రెండు సన్నని కర్రలను గుణకారపు గుర్తువలె కట్టి, కొనలకు బంతులు తగిలించినచో యంత్రము సులభముగా ఒరిగిపడదు. పిమ్మట ప్రక్కకు నిలుపుట. తుదకు ముక్కు మనవైపు నుండునట్లు నిలుపుట. ఈ కడపటిదానిలో కుడియెడమలు తారుమారగును. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు అభినయ గేయములు నేర్పునపుడు, పిల్లల కెదురుగా నిలిచి వారు కుడిచేయి యెత్తవలసినచోట మేము ఎడమచేయి యెత్తవలెనని బోధించిరి. ఇరువదేండ్ల తరువాత ఆ పాఠము వరిమడిలో నాకక్కరకు వచ్చినది. చిన్న బ్యాటరీ ఐదారు నిమిషములే పనిచేయును. మూడు బ్యాటరీలతో సాయంకాలమునకు పావుగంట అభ్యాసము. అంతకంటె తొందర పనికిరాదు.

జాగ్రత్తలు మరువరాదు. తిరుగు రెక్క కత్తి వంటిది. పెద్ద యంత్రముల రెక్కలు తగిలి ప్రాణములు పోయిన సందర్భములును కలవు. చూడవచ్చినవారు నడుపువాని వెనుక దూరముగా నిలువవలెను. లిథియం బ్యాటరీని, ఉబ్బినచో, మరల వాడరాదు. మనుష్యుడు చెంతలేక, లేదా చాప మీదను పరుపు మీదను, విద్యుత్తు నింపరాదు. మన వేసవి యెండలో విడువరాదు. 2021 నాటి డ్రోను నియమావళి హెలికాప్టరు వంటి యంత్రములకును వర్తించును గనుక, విమానాశ్రయముల దాపున అనుమతి లేక ఎగురవేయరాదు.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచిన మాట. గత సంవత్సరము తొమ్మిదవ తరగతి బాలుడొకడు ప్రతి సాయంకాలమును గట్టుపై కూర్చుండి చూచుచుండెడివాడు. అర్ధసంవత్సర పరీక్షలో గణితమున తప్పి, బడి మాని రొయ్యల చెరువుల పనికి పోవుదునని స్నేహితులతో చెప్పినట్లు వింటిని. ఒకనాడు గాలి విసరి నా యంత్రము నేలకొరిగి రెక్క విరిగినది. అతడు దగ్గరకు వచ్చి, "మాస్టారండీ, మీకు కూడా రాదాండీ?" అనెను. "ఇంకా రాలేదురా, నేర్చుకుంటున్నాను" అంటిని. "ఎన్నాళ్లయిందండీ?" "మూడు నెలలు." అతడు మారుపలుకక, పంటకొయ్యల నడుమ పడిన మర చీలను వెదకి నా చేతిలో పెట్టెను. మరునాడు గణితపు పుస్తకము చంకనిడుకొని వచ్చెను.

నాటినుండి బ్యాటరీలు చల్లారువరకు గట్టుపై లెక్కలు చేయుట మా యిద్దరికి వాడుకయైనది. అతడిప్పుడు పదవ తరగతి చదువుచున్నాడు. ప్రభుత్వ పరీక్షలో ఏమగునో దేవునికే తెలియును. బడి మాత్రము మానలేదు. ఉపాధ్యాయుడు తనకు వచ్చిన విద్య నేర్పునపుడు పిల్లలు విందురు. తనకు రాని విద్య నేర్చుకొనుచుండగా చూచినచో, నేర్చుకొనుటయనగా నెట్టిదో వారికి తెలియును. అందుచేత సహోపాధ్యాయులకు నా మనవి యిది: వీణయో, వడ్రంగమో, హెలికాప్టరో, మీకు రాని పని యొకటి పిల్లలు చూచుచుండగా ప్రారంభింపుడు. విద్యార్థులారా, మీరును రేపు ఉదయము, గాలి లేని వేళ, వరిమడికి రండు. చూచువారు నా వెనుకనే నిలువవలెనని మాత్రము మరువకుడు.